చూరు కింద డబ్బా

2023 డిసెంబర్ 6, బుధవారం పొద్దున. పెదకాకాని పొలిమేరలో మిరప చేలో నిలబడ్డారు మీరు. నిన్న మధ్యాహ్నమే మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నల్లరేగడి చెప్పుల్ని పట్టి వదలడం లేదు. సాళ్ల మధ్య నీళ్లు నిలిచిపోయాయి. మొక్కల ఆకులు పచ్చగానే ఉన్నా వాడి వేలాడుతున్నాయి. మునిగిన వేళ్లకు ఊపిరాడదు.

ఆ చేను సాగుచేసే పెద్దాయన మిమ్మల్ని ఇంటి పెరట్లోకి తీసుకెళ్లి ఒక రేకు డబ్బా చూపిస్తాడు. వేళ్లు ముంచి కొలుస్తాడు.

"నాలుగు వేళ్ల వాన బాబూ!"

మీరు తలెత్తుతారు. సరిగ్గా పైనే చూరు. ఇంకా బొట్టు బొట్టుగా కారుతోంది. డబ్బాలో నీళ్లున్న మాట నిజం. అవన్నీ వాన నీళ్లేనన్నది మాత్రం ఆయన అనుకున్నది.

"అంతా భూమి వేడెక్కబట్టేనని టీవీలో చెబుతున్నారు. మరి డెబ్భై ఏడులో దివిసీమ ఉప్పెన దేనివల్ల వచ్చినట్టు?"

మంచి ప్రశ్న. దాటేయకండి. తుపాన్లు అప్పుడూ ఉన్నాయి. ఈ ఒక్క తుపానును చూపి, వేడే దీన్ని పుట్టించిందని తేల్చలేం. కానీ తేలిన సంగతులున్నాయి. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని 1859లోనే జాన్ టిండాల్ ప్రయోగశాలలో కొలిచి చూపాడు. గాలిలో ఆ వాయువు 1958లో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు. 2023కి 420 దాటింది. ఇవి కొలతలు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఇది భౌతికశాస్త్ర సూత్రం. నిన్నటి వానలో వేడి వాటా ఎంత? అది లెక్కగట్టి చెప్పాల్సిన అంచనా. వచ్చే డిసెంబరులో ఈ చేను మునుగుతుందా? ఎవరూ చెప్పలేరు.

ఈ నాలుగింటినీ ఒకే గొంతుతో చెబితే రైతు నాలుగింటినీ నమ్మడు. అంచనా తప్పిన రోజున కొలతనూ అనుమానిస్తాడు. అలాగని సిద్ధాంతాన్ని ఉత్త ఊహగా కొట్టేయడం అన్యాయం. 'సిద్ధాంతం' అన్న మాటలోనే 'తేలిన ముగింపు' అనే అర్థం ఉంది. ఏది ఎంతవరకు తేలిందో విడదీసి చెప్పడమే రైతుకు మనమిచ్చే మర్యాద.

పెద్దాయన కాసేపు చూరువంక చూస్తాడు. డబ్బా ఎత్తి నీళ్లు వంపేసి, పెరటి నడిమధ్యన, ఆకాశం తప్ప పైన ఏమీ లేని చోట పెడతాడు.

"ఈసారి లెక్క తేలుద్ది" అంటాడు.