ఆగస్టు 20: బేగంపేటలో దొరికిన ఆచూకీ

క్యాలెండరులో ఆగస్టు 20 కింద చెప్పుకోదగ్గ సంగతులు చాలానే ఉన్నాయి. 1828లో కలకత్తాలో రాజా రామమోహన్ రాయ్ ఆధ్వర్యంలో బ్రహ్మసభ మొదలైంది ఆ రోజునే. అదే తర్వాత బ్రహ్మసమాజంగా పేరు పొందింది. 1944లో రాజీవ్ గాంధీ, 1946లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి పుట్టింది ఆ తేదీనే. దూరపు గ్రహాలను చూడటానికి 1977లో వాయేజర్-2 నింగికెగసిందీ ఆ రోజే. వీటి మధ్య మన నేల మీద జరిగిన ముచ్చట ఒకటుంది. 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్ పక్కన బేగంపేటలోని చిన్న సైనిక ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కళ్లారా చూశాడు. ప్రపంచ దోమల దినం ఆనాటి జ్ఞాపకంగానే జరుగుతుంది. తేదీ ఒక్కటే అయినా దాని వెనక రెండేళ్ల పైచిలుకు వెతుకులాట ఉంది. అందులో ఎక్కువ భాగం దారి తప్పిన వెతుకులాటే.

అప్పటికి చలిజ్వరం మనుషులకు వేల ఏళ్లుగా తెలుసు. ముందు ఎముకలు కొరికే చలి, నాలుగు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. ఆ వెంటనే ఒళ్లు కాలిపోయే జ్వరం. చెమటలు పట్టి తగ్గిందనుకుంటే, ఒక రోజు విడిచి మళ్లీ అదే వరస. మన్యం వెళ్లాలంటే మైదానం మనుషులు జంకేది ఈ జ్వరానికే. క్వినైన్ వేసుకుంటే తగ్గుతుందని తెలుసు. ఎందుకు వస్తుందో, ఎలా వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. చిత్తడి నేలల మీది చెడుగాలి పీల్చితే వస్తుందని ఊళ్లో పెద్దలూ నమ్మారు, పట్నంలో డాక్టర్లూ నమ్మారు.

చిక్కుముడి మొదటి పోగు 1880లో ఊడింది. అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ సైనిక ఆసుపత్రిలో పనిచేస్తున్న ఫ్రెంచి డాక్టరు లావరన్, జ్వరంతో ఉన్న ఒక సైనికుడి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంటే, నల్లని నలుసులున్న ఒక జీవి కొరడాల్లాంటి పోగులు ఆడిస్తూ కనిపించింది. మలేరియా గాలి వల్ల వచ్చేది కాదనీ, రక్తంలో బతికే ఒక ప్రాణి తెచ్చేదనీ తేలింది. అయితే ఆ ప్రాణి ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి ఎలా చేరుతోంది? దీనికి జవాబు దొరకడానికి మరో పదిహేడేళ్లు పట్టింది.

జవాబు పట్టుకున్న రాస్‌కు అసలు డాక్టరు కావాలనే లేదు. 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కొడుకు మనసు కవిత్వం మీద, సంగీతం మీద, బొమ్మల మీద. తండ్రి పట్టుబట్టి లండన్‌లో వైద్యం చదివించాడు. 1881లో భారత వైద్య సేవలో చేరిన రాస్, చాలాకాలం కొలువు చేసుకుంటూ, తీరిక దొరికితే నవలలూ లెక్కలూ రాసుకుంటూ గడిపాడు. ఆ రోజుల్లోదే ఒక చిన్న సంఘటన. బెంగుళూరులో ఉండగా గదిలో దోమలు ఎక్కువగా ఉన్నాయని వెతికితే, కిటికీ బయట పెట్టిన నీళ్ల తొట్టిలో పురుగులు లుకలుకలాడుతున్నాయి. తొట్టి ఒంపేయించాడు, దోమలు తగ్గాయి. మిగతా తొట్లు కూడా ఒంపేద్దామంటే పై అధికారి వినలేదు. దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని అప్పటికి రాస్‌కూ తెలియదు.

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ పరిచయమయ్యాడు. బోదకాలు తెచ్చే పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చైనాలో ఉండగా కనిపెట్టిన డాక్టరు ఆయన. లావరన్ చెప్పిన క్రిమి నిజంగా ఉందా అని అంతవరకు అనుమానపడుతున్న రాస్‌కు ఆయన దాన్ని సూక్ష్మదర్శినిలో చూపించాడు. మలేరియాకు కూడా దోమే కారణమై ఉండాలని తన ఊహ చెప్పాడు. ఆ ఊహలో సగం నిజం, సగం పొరపాటు. దోమ ఒకసారి రక్తం తాగి, నీళ్లలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందనీ మాన్సన్ అనుకున్నాడు. నిజంతో పాటు ఆ పొరపాటును కూడా రాస్ ఇండియాకు వెంట తెచ్చుకున్నాడు.

1895లో సికింద్రాబాద్‌లోని మద్రాసు పటాలానికి డాక్టరుగా వచ్చిన నాటి నుంచి పని మొదలుపెట్టాడు. సీసాల్లో దోమపిల్లల్ని పెంచి, రెక్కలొచ్చాక దోమతెరలో వదిలి, లోపల జ్వరపు రోగిని పడుకోబెట్టి కుట్టించేవాడు. కుట్టించుకున్నవాళ్లకు డబ్బులిచ్చేవాడు. తర్వాత ఆ దోమల్ని కోసి చూసేవాడు. దోమ శరీరం లోపల ఏ భాగం ఎలా ఉంటుందో చెప్పే పుస్తకం చేతిలో లేదు. దోమల్లో ఎన్ని జాతులున్నాయో చెప్పేవాళ్లూ లేరు. అందుకే తానే పేర్లు పెట్టుకున్నాడు: బూడిదరంగు దోమ, చారల దోమ. ఎన్ని కోసినా లోపల ఏమీ దొరకలేదు. మాన్సన్ మాట ప్రకారం, దోమలు చచ్చి పడిన నీళ్లను మనుషుల చేత తాగించి కూడా చూశాడు. ఈనాడు ఎవరూ ఒప్పుకోని పని అది. అందులోనూ ఏమీ తేలలేదు. తేలదు కూడా, ఎందుకంటే జ్వరం నీళ్లలోంచి రాదు. పైగా అతను కోస్తున్న దోమలు మనిషికి మలేరియా తెచ్చే జాతివి కావు.

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బెంగుళూరులో కలరా, అక్కడి పారిశుద్ధ్యం చూడాలి. పరిశోధన పక్కనపడింది. 1897 వేసవిలో కొద్దిపాటి సెలవు దొరికితే రాస్ ఊటీ వెళ్లాడు. కొండ కింద సీగూరు కనుమలో మలేరియా ఎక్కువని విని, అక్కడే వెతకడానికి దిగాడు. దోమతెర కట్టుకుని, జాగ్రత్తగా పడుకుని కూడా తానే జ్వరం తెచ్చుకున్నాడు. అయితే అక్కడే, గోడ మీద వాలిన ఒక దోమ అతని కంట పడింది. మామూలు దోమ గోడకు సమాంతరంగా వాలుతుంది. ఇది తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంది. రెక్కల మీద మచ్చలున్నాయి. అప్పటికి అంతకుమించి ఏమీ తెలియలేదు.

జ్వరం తగ్గాక సికింద్రాబాద్ తిరిగొచ్చి మళ్లీ పనిలో పడ్డాడు. బేగంపేట ఆసుపత్రిలో అతని గది చిన్నది, చీకటిది. వరండా చూరు కింద నుంచి వచ్చే కాస్త వెలుగే ఆధారం. ఆ ఏడు ఆగస్టులో ఉక్క భరించలేనట్టుగా ఉంది. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా వద్దన్నాడు. గాలి లేని ఆ గదిలో ఈగలు ముసిరేవి. సన్నటి పురుగులు కళ్లలోకీ చెవుల్లోకీ దూరేవి. నుదుటి నుంచీ చేతుల నుంచీ కారే చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టిపోయాయి. కంటి దగ్గర పెట్టుకునే అద్దం ఒక్కటే మిగిలింది, అదీ బీటలు వారింది. ఆవగింజంతైనా లేని దోమ కడుపును కణం కణం వెతకాలంటే ఒక్కోదానికి గంటలు పట్టేది. సాయంత్రానికి ఇంటిదారి కనిపించనంతగా కళ్లు అలసిపోయేవి.

ఆగస్టు మధ్యలో అదృష్టం తలుపు తట్టింది. దోమపిల్లలు పట్టి తెచ్చే సహాయకులు ఒక సీసా తెచ్చారు. అందులోంచి రెక్కలొచ్చి బయటపడ్డ దోమలు రోజూ చూసేవి కావు. రెక్కల మీద మచ్చలు, తోక ఎత్తి వాలే తీరు. ఈనాడు మనం అనాఫిలిస్ అని పిలిచే జాతి అది. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగి దోమతెరలో పడుకున్నాడు. కుట్టిన దోమకొక్కటికి ఒక అణా లెక్కన ఒప్పందం. జ్వరంతో ఉన్న ఒళ్లు అప్పగించి అతను కదలకుండా పడుకుంటే, మచ్చల దోమలు కడుపు నిండా రక్తం తాగాయి.

మొదట కోసినవాటిలో ఏమీ లేదు. కొన్ని వాటంతటవే చచ్చాయి. ఆగస్టు 20 నాటికి బతికున్నవి రెండే. ఆ రోజు వేరే దోమల పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే కళ్లు లాగేస్తున్నాయి. రెండింటిలో ఒకదాన్ని తీసి కోశాడు. ఎంత వెతికినా కొత్తదేమీ కనిపించలేదు. మిగిలింది కడుపు గోడ ఒక్కటే. ఇక చాలిద్దామనుకుంటున్న క్షణంలో, మామూలు కణాల మధ్య గుండ్రంగా, పల్చగా ఒక కణం కనబడింది. దోమ కడుపులో అలాంటిది ఉండకూడదు. అద్దం సరిచేసుకుని చూస్తే దాని లోపల నల్లని నలుసులు. లావరన్ రక్తంలో చూసినవీ, తాను వందలసార్లు రోగుల రక్తంలో చూసినవీ అచ్చం ఆ నలుసులే. పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. లెక్కపెడితే పన్నెండు.

అయినా రాస్ గంతులు వేయలేదు. ఎన్నోసార్లు ఆశపడి దెబ్బతిన్న మనిషి. పైగా ఆ అలసటలో, చూసినదాని విలువ ఆ క్షణంలో తలకెక్కలేదు. గాజుపలకను భద్రం చేసి ఇంటికి పోయి గంటసేపు నిద్రపోయాడు. మెలకువ రాగానే మొదట తట్టిన ఆలోచన, ముడి విడిపోయిందని. మర్నాడు ఆఖరి దోమను కోశాడు. దాని కడుపులోనూ అవే కణాలున్నాయి, నిన్నటికన్నా పెద్దవిగా. అంటే అవి బతికే ఉన్నాయి, దోమ లోపల పెరుగుతున్నాయి. ఇందులో అదృష్టానిదీ పెద్ద పాలే. ఆ రెండు దోమలు నాలుగైదు రోజులు బతికి ఉండబట్టే కణాలు కంటికి ఆనేంత ఎదిగాయి. ముందే కోసి ఉంటే చూసి కూడా గుర్తుపట్టేవాడు కాదేమో. లోపలి కవి అప్పటికి మేలుకున్నాడు. ఆ సంబరాన్ని రాస్ పద్యంగా రాసి భార్యకు పంపాడు.

కథ అక్కడ సుఖాంతం కాలేదు. ఇంకా సగం జవాబే వచ్చింది. క్రిమి దోమలోకి పోతుందని తెలిసింది. దోమలోంచి మళ్లీ మనిషిలోకి ఎలా వస్తుంది? ఆ రెండో సగం వెతకబోతుండగా బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది. మలేరియా అంతగా లేని రాజపుటానాలోని ఖేర్వాడాకు పంపేశారు. నెలలు వృథాగా పోయాయి. లండన్‌లో మాన్సన్ పట్టువదలకుండా ప్రయత్నించగా, 1898 మొదట్లో కలకత్తాలో పరిశోధనకు అనుమతి దొరికింది. అక్కడ మరో అడ్డంకి. ప్లేగు టీకాల భయంతో ఊరు అట్టుడుకుతోంది. డాక్టరు చేతిలో సూది కనిపిస్తే జనం పారిపోతున్నారు. రక్తపు చుక్క ఇచ్చేవాళ్లే లేరు.

మనుషులు దొరకకపోతే రాస్ పిట్టల వైపు తిరిగాడు. పిచ్చుకలకు కూడా ఒక రకం మలేరియా వస్తుంది. దాన్ని మోసేది, రెండేళ్లు తాను వృథాగా కోసిన బూడిదరంగు దోమ జాతే. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమల్ని పట్టి, పెంచి, రాత్రుళ్లు పిట్టల పంజరాల దగ్గర వదిలి, పొద్దున్నే ఏరి తెచ్చేవాడు. రాస్ ఆ కణాలు రోజురోజుకూ పెరగడం, పగలడం, వాటిలోంచి సన్నని పోగులు బయటపడి దోమ ఒళ్లంతా పాకడం చూశాడు. ఆ పోగులు చివరికి ఎక్కడికి చేరుతున్నాయి? 1898 జులైలో ఆ దారి దోమ తల దగ్గరి లాలాజల గ్రంథుల్లో తేలింది. దోమ కుట్టేటప్పుడు చర్మంలోకి దించే లాలాజలంతోనే క్రిమి కూడా దిగుతోంది. జ్వరం నీళ్లలోంచీ రాదు, గాలిలోంచీ రాదు, కాటులోంచి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల్ని అలాంటి దోమల చేత కుట్టిస్తే చాలావాటికి జ్వరక్రిమి పట్టుకుంది. మాన్సన్ ఊహలోని పొరపాటు సగం అక్కడితో రాలిపోయింది. అదే నెలాఖరులో ఎడిన్‌బరో వైద్యుల సభలో ఈ సంగతి లోకానికి చెప్పింది కూడా మాన్సనే.

మనిషి విషయంలో కూడా ఇదే జరుగుతుందని, ఆ పని అనాఫిలిస్ దోమదేనని ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివారు ఆ ఏడాది చివర్లో నిరూపించారు. ఘనత ఎవరిదన్న మాట మీద రాస్‌కూ గ్రాసీకీ మధ్య చేదైన తగవు నడిచింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కే వచ్చింది. ఇన్నాళ్ల తర్వాత చూస్తే ఇద్దరి పనీ విలువైనదే. ఒకరు వేసిన దారిని మరొకరు ఊరి దాకా చేర్చారు.

బేగంపేటలోని ఆ భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో, రాస్ పేరుతోనే ఉంది. అక్కడ తలచుకోవలసింది ఒక్క రాస్‌నే కాదు. అణాల కోసం దోమకాట్లకు ఒళ్లు అప్పగించిన హుసేన్ ఖాన్, మచ్చల దోమల సీసా తెచ్చిన పేరు తెలియని సహాయకులు, కలకత్తాలో రాత్రుళ్లు మేలుకున్న మహమ్మద్ బక్స్ లేకుండా ఈ ఆవిష్కరణ లేదు. నోబెల్ బహుమతి ఒకరి చేతికే వచ్చినా, కష్టం అందరిదీ.

ఇంత కష్టపడి తెలుసుకున్నదాని వల్ల ఒరిగిందేమిటంటే, మలేరియా మనిషి చేతికందే శత్రువైంది. గాలిని ఎవరూ ఆపలేరు, దోమను ఆపవచ్చు. దోమతెర కట్టడం, మురుగు తీయించడం, నిలవనీళ్లు పారబోయడం, గోడలకు మందు కొట్టడం, ఇవన్నీ ఆ జ్ఞానం తెచ్చిన పనులే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దగ్గర ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదనీ, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. ఆ స్థాయి నుంచి మనం చాలా దూరం వచ్చాం. ప్రపంచంలో మాత్రం నేటికీ ఏటా దాదాపు ఆరు లక్షల ప్రాణాలు ఈ జ్వరానికి పోతున్నాయి. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్లలోపు పసిపిల్లలు. అందుకే ఆగస్టు 20ని పాత విజయంగా తలచుకుని ఊరుకోకూడదు. మనకది నడివానాకాలం, దోమలు పెరిగే రోజులు. ఇంటి చుట్టూ నిలిచిన నీళ్లు చూసి వారానికోసారి ఒంపేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అది ఎందుకు చేయాలో మనకు తెలియడానికి మాత్రం అంత పెద్ద వెతుకులాట కావలసి వచ్చింది.