గదిలో లేనివాళ్ళ తరఫున

అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసి ఉంది: బంగ్లాదేశ్. ఈ పూటకి అది నువ్వే. నీకు పదిహేనేళ్ళు. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ హైస్కూలు, పదో తరగతి గది. బల్లలన్నీ గోడల వెంట జరిపేశారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, అయినా చొక్కా వీపుకి అతుక్కుంటోంది. ఎదురుగా కుర్చీలో సోషల్ మేడం. ఇవాళ ఆవిడ మేడం కాదు, సభాధ్యక్షురాలు. ఇరవై ఒక్క దేశాల హాజరు పిలుస్తున్నారు.

"ఇండోనేషియా?"

"హాజరు."

"జర్మనీ?"

"హాజరు."

నీ వంతు దగ్గరికొస్తోంది. మొదటి నిర్ణయం ఇక్కడే. ఉత్త "హాజరు" అంటే చివర్లో ఓటింగు వచ్చినప్పుడు ఎటూ చెప్పకుండా తటస్థంగా ఉండిపోవచ్చు. "హాజరు, ఓటు వేస్తాం" అంటే ఆ దారి మూసుకున్నట్టే. అవుననో కాదనో తేల్చాలి. ఐక్యరాజ్యసమితి నమూనా సమావేశాల్లో పద్ధతి ఇది.

"బంగ్లాదేశ్?"

"హాజరు. ఓటు వేస్తాం."

గొంతు కాస్త పైకే వచ్చింది. కుడిపక్కన భారత్ నీ వైపు చూసింది. ఆ పక్కన మయన్మార్ చూడలేదు. అక్షర క్రమంలో కూర్చోబెట్టారు కాబట్టి ముగ్గురూ వరసగా పడ్డారు. చర్చాంశం బోర్డు మీద ఉంది: రోహింగ్యాలు తిరిగి స్వదేశం వెళ్ళడం ఎలా?

నీకు అరవై సెకన్లు. "నేను" అన్న మాట ఇక్కడ వాడకూడదు. "బంగ్లాదేశ్ భావిస్తోంది" అనాలి. లేచావు. చేతిలో కాగితం సన్నగా వణుకుతోంది. దాన్ని బల్ల మీద పెట్టేసి, పక్కనున్న ప్లాస్టిక్ కవరు ఎత్తి చూపిస్తున్నావు. కొద్దిగా బియ్యం, చారెడు పప్పు, అడుగున నూనె పొట్లం. పోయిన వారం మేడం చెబితే తరగతంతా కలిసి తూచి పెట్టింది.

"అధ్యక్షా, 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు నాఫ్ నది దాటి మా దేశానికి వచ్చారు. అంతకు ముందు వచ్చినవాళ్ళతో కలిపితే కాక్స్ బజార్ శిబిరాల్లో దాదాపు పది లక్షల మంది. సగానికి పైగా పిల్లలే. 2023లో విరాళాలు తగ్గాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం మనిషికి నెలకి 12 డాలర్లు ఇచ్చేది. మార్చిలో 10 చేసింది. జూన్‌లో 8. అంటే అప్పుడు రోజుకి సుమారు 22 రూపాయలు. ఈ కవరు ఒక మనిషికి ఒక రోజు."

కవరు తేలిగ్గా ఉంది. బరువు లేదనే చెప్పాలి. గది కాసేపు ఆ కవరు వైపే చూసింది. బాగా మొదలుపెట్టావు.

తర్వాత ఒక్కొక్క దేశం లేస్తోంది. ఒకరు తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారు. మరొకరు ప్రగాఢ సానుభూతి. ఇంకొకరు మళ్ళీ ఆందోళన. పెన్ను పట్టుకుని రాసుకోబోతున్నావు, రాయడానికి ఏమీ దొరకడం లేదు. ఎంతమందిని తీసుకుంటారు, ఎంత డబ్బిస్తారు అన్న అంకె ఎవరి నోటా రావడం లేదు. మేడం చెప్పిన ఎవియాన్ గుర్తొస్తోంది. 1938 జులై, ఫ్రాన్స్‌లో సరస్సు ఒడ్డున హోటల్. నాజీల నుంచి పారిపోతున్న యూదుల కోసం 32 దేశాలు కూర్చున్నాయి. దాదాపు అందరూ జాలిపడ్డారు, దాదాపు అందరూ మా దగ్గర చోటు లేదన్నారు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామని ముందుకొచ్చింది ఒక్క డొమినికన్ రిపబ్లిక్. ఆ పాఠం రోజు నీకు కోపం వచ్చింది. ఇవాళ అర్థమవుతోంది, సానుభూతి చెప్పడం ఎంత తేలికో.

"మయన్మార్."

లేచినవాడు నీ బెంచీవాడే. రోజూ నీ డబ్బాలో అన్నం తినేవాడు. వాడి మొహంలో ఇప్పుడు స్నేహం లేదు. 1982 పౌరసత్వ చట్టం ప్రకారం 1823కి ముందు నుంచి ఉన్న జాతులకే మా దేశంలో పూర్తి పౌరసత్వం అంటున్నాడు. మేము గుర్తించిన 135 జాతుల్లో రోహింగ్యా అన్న పేరు లేదంటున్నాడు. పత్రాలు చూపించినవాళ్ళని తీసుకుంటామంటున్నాడు. ఇళ్ళతో పాటు కాలిపోయిన పత్రాలు ఎక్కడి నుంచి తెస్తారు? అడగాలని ఉంది. నీ వంతు కాదు.

ఒక పిల్లాడి చేత ఈ మాటలు ఎందుకు పలికించాలని నీకు అనిపిస్తుంది. దేశాలు పంచుకున్న రోజున వాడూ అదే అన్నాడు, నాకొద్దు ఈ దేశం అని. మేడం ఒప్పుకోలేదు. ఎదుటివాడు గదిలో లేనప్పుడు మనం గెలవడం చాలా సులువు, రేపు నిజంగా వాడితో మాట్లాడాల్సి వస్తే ఏం చేస్తాం అన్నారు. వాడు వారం రోజులు చదివాడు. అందుకే ఇప్పుడు నీ వైపు తిరిగి, అనుమతి తీసుకుని, మెత్తగా అడుగుతున్నాడు:

"బంగ్లాదేశ్ ప్రతినిధి గారికి వాళ్ళ మీద అంత దయ ఉంటే, మీరే పౌరసత్వం ఇచ్చేయొచ్చు కదా?"

నోరు ఎండిపోయింది.

ముప్పై సెకన్లు. నీ దగ్గర ఒక జవాబు ఉంది. మీ ఇల్లు బర్మా క్యాంపులో, ఇప్పటి మయన్మార్ అయిన బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కాలనీలో. మామ్మ పుట్టింది రంగూన్‌లో. దుకాణం పోయి, దాచుకున్న నోట్లు చెల్లకుండా పోయి, చిన్నపిల్లగా ఓడెక్కి వచ్చింది. అది చెబితే గదంతా నీ వైపు తిరుగుతుంది. నాలిక చివరి దాకా వచ్చింది.

కానీ మామ్మని అడగలేదు. ఆవిడ బాధని నీ గెలుపుకి వాడుకోవచ్చా? పైగా ఇక్కడ "నేను" అన్న మాటకి చోటు లేదు.

"అధ్యక్షా, 1962లో సైన్యం అధికారంలోకి వచ్చాక బర్మాలో దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వపరం చేశారు. 1964లో పెద్ద నోట్లు రద్దు చేశారు. దాదాపు మూడు లక్షల మంది భారతీయులు దేశం వదిలారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఎవరు తమవాళ్ళు, ఎవరు కారని పుట్టినచోటే తేల్చి పంపించడం మయన్మార్‌కి ఇది మొదటిసారి కాదు. తమ ఇల్లు రఖైన్‌లో ఉందని చెబుతున్నది రోహింగ్యాలే."

మయన్మార్ కూర్చుంది. భారత్ ఏదో రాసుకుంటోంది.

"ఇరవై నిమిషాలు అనధికార చర్చ," అన్నారు అధ్యక్షురాలు. కుర్చీలు కిర్రుమన్నాయి. గారూ, ప్రతినిధీ అన్నీ ఎగిరిపోయాయి. "ఏటిరా, మాతో వస్తావా రావా?" అని భుజం మీద చెయ్యి. గది మధ్యలో పది దేశాల గుంపు. వాళ్ళ దగ్గర ముసాయిదా తీర్మానం సిద్ధంగా ఉంది. నిధులు పెంచుతామని రాశారు, అంకెతో సహా. శిబిరాల్లో బడులు అని రాశారు. కళ్ళు కిందికి జారుతున్నాయి. నాలుగో అంశం: ఆరు నెలల్లోగా శరణార్థుల తరలింపు పూర్తి చేయాలి.

చెయ్యి ఆగిపోయింది.

నీ దేశం కోరుకునేది ఇదేగా? బంగ్లాదేశ్ మొదటి నుంచీ వాళ్ళు వెనక్కి వెళ్ళాలనే అంటోంది. చిన్న దేశం, కిక్కిరిసిన నేల, అడవి నరికి వేసిన గుడిసెలు. ఆ అలసట నిజం. సంతకం పెడితే మెచ్చుకుంటారు కూడా. కానీ నీ ఫైల్లో మరో కాగితం ఉంది. 2018 నవంబర్ 15. బస్సులు వచ్చి నిలబడ్డాయి. పేర్ల జాబితా సిద్ధం. ఒక్కరూ ఎక్కలేదు. కొందరు గుడిసెలు వదిలి దాక్కున్నారు. 2019 ఆగస్టు 22, మళ్ళీ బస్సులు. మళ్ళీ ఖాళీ. ఆరు నెలల గడువు పెడితే మూడోసారి వాళ్ళని బస్సు ఎలా ఎక్కిస్తారు? బలవంతంగానా? ప్రాణానికి ముప్పున్న చోటికి ఎవరినీ తిప్పి పంపకూడదని 1951 శరణార్థుల ఒప్పందం 33వ అధికరణం చెబుతోంది. ఆ ఒప్పందం మీద బంగ్లాదేశ్ సంతకం చేయలేదు. భారత్ చేయలేదు. మయన్మార్ చేయలేదు. ఈ వరసలో ముగ్గురూ చేయలేదు.

ఇంకొకటి కూడా కనిపిస్తోంది. 2017 నవంబర్‌లో రెండు ప్రభుత్వాల ఒప్పందం. 2018 జూన్‌లో మయన్మార్‌తో ఐక్యరాజ్యసమితి సంస్థల ఒప్పందం. రెండూ రోహింగ్యాల గురించే. రెంటి మీదా వాళ్ళ సంతకం లేదు. ఈ గదిలోనూ అంతే. ఇరవై ఒక్క అట్టముక్కలు, ఆ పది లక్షల మందికి ఒక్కటి లేదు.

రెండు సవరణలు రాస్తున్నావు. ఒకటి, గడువు తీసేయాలి. రెండు, తరలింపు తేల్చే కమిటీలో శిబిరాల ప్రతినిధులకి చోటు ఇవ్వాలి.

పది ఓట్లు వాళ్ళవి. నీకు పదకొండు కావాలి. భారత్ దగ్గరికి వెళ్తున్నావు. "1971లో మావాళ్ళు కోటి మంది మీ దేశంలో తలదాచుకున్నారు. ప్రమాదం తగ్గేదాకా మీరు వాళ్ళని వెనక్కి పంపలేదు." ఆ అమ్మాయి నీ కళ్ళలోకి చూసింది. "మరి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యాల సంగతి నన్ను అడగవా?" అంది. అడిగితే ఆమె ఓటు పోతుంది. అడగకపోతే? అడగలేదు. ఆమె తలూపింది.

ఎనిమిది. తొమ్మిది.

నాలుగు నిమిషాలు.

పది. ఇంకొకటి కావాలి. ఎవరూ కదలడం లేదు.

గుంపు నాయకురాలు నీ దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది. "గడువు తీసేస్తాం. కమిటీలో చోటు అడగొద్దు. రెండూ కావాలంటే రెండూ పోతాయి."

రెండు నిమిషాలు.

గడువు ఉంటే బస్సులు. చోటు లేకపోతే మళ్ళీ పాత కథ. ఏది ముందు? ఎవర్ని అడగాలి? మేడం గడియారం చూస్తున్నారు. మయన్మార్ నిన్నే చూస్తున్నాడు. గుంపు నాయకురాలు చెయ్యి చాచింది. గుండె చప్పుడు చెవుల్లో. నిమిషం.

రెండో సవరణ కొట్టేశావు.

"ఓటింగు."

అట్టముక్కలు లేస్తున్నాయి. అనుకూలం, పదిహేడు. వ్యతిరేకం, నాలుగు. తీర్మానం నెగ్గింది. చప్పట్లు. ఎవరో నీ వీపు తట్టారు. నీకు నవ్వు వచ్చింది, నిజంగానే వచ్చింది.

అప్పుడు మేడం లేచి, అధ్యక్షురాలి అట్ట పక్కన పెట్టి, బల్ల మీద కూర్చున్నారు. మార్కులు చెప్పలేదు. నిన్నే అడిగారు: "గడువు తీయించావు, మంచి పని. దాని కోసం కమిటీలో చోటు వదిలావు. ఆ చోటు నీదా?"

కాసేపు నీకు మాట రాలేదు. "కాదు మేడం," అన్నావు. ఆవిడ నిన్ను తప్పుపట్టలేదు. ఒప్పు అనీ అనలేదు. నిజమైన ఒప్పందాలు చేసే పెద్దలు కూడా ఇలాగే తమది కానిదాన్ని ఇచ్చేస్తారని చెప్పారు. భారత్ అమ్మాయి తల దించుకుని, అడగని ఆ ప్రశ్న గురించి తనే మాట్లాడింది. మయన్మార్ ఏడుపు గొంతుతో, అవన్నీ నా మాటలు కావని అందరికీ చెప్పాలన్నాడు. చెప్పమన్నారు. సభ ముగిశాక మాట్లాడుకునే ఈ అరగంటే మొత్తం పాఠానికి ప్రాణం. ఇది లేకుండా సభ మాత్రమే నడిపితే పిల్లలకి వాదన నెగ్గడం వస్తుంది, అంతకంటే ఏమీ రాదు.

పిల్లల దగ్గర సెలవు తీసుకుని ఇప్పుడు టీచర్లతో మాట. ఇలాంటి నమూనా సభలు మన నగరాల్లో ఏళ్ళుగా జరుగుతున్నాయి, ఎక్కువగా ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడుల్లో, రుసుము కట్టి, కోట్లు తొడుక్కుని. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళ పిల్లలు, కోనసీమ నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన తల్లుల పిల్లలు, పాలమూరు వలస కూలీల పిల్లలు మాత్రం చాలామంది జిల్లా పరిషత్ బడుల్లో ఉన్నారు. వలస గురించి మాట్లాడే హక్కు వాళ్ళకే ముందుంది, ఆ సాధన వాళ్ళకే ఆఖర్న అందుతోంది. దీనికి కావలసింది అట్టముక్కలు, ఒక శనివారం మధ్యాహ్నం, వారం ముందు నుంచి చదివించే ఓపిక. తెలుగులోనే నడపండి. ఇష్టంలేని దేశాన్ని కూడా ఎవరో ఒకరికి ఇవ్వండి. చివరి అరగంట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి.