జబ్బు కప్పేసిన నటన: అనీ జిరార్దో చివరి పాత్రలపై పరిశీలన

ఫ్రెంచి నటి అనీ జిరార్దో 2011 ఫిబ్రవరి 28న, 79 ఏళ్ల వయసులో, పారిస్‌లోని లారిబ్వాజియేర్ ఆసుపత్రిలో కన్నుమూసింది. అప్పటికే ఆమె పేరెత్తితే ఫ్రాన్సులో చాలామందికి ముందు గుర్తుకొచ్చేది అల్జీమర్స్. ఆమెకు ఆ జబ్బు ఉన్న సంగతి 2006 సెప్టెంబరులో పారీ మాచ్ పత్రిక ద్వారా లోకానికి తెలిసింది. ఆ వార్త తెలిసిన ప్రేక్షకుడు ఆమె చివరి పాత్రలను నటనగా కాక రోగలక్షణాలుగా చూడటం మొదలుపెట్టాడనీ, దానివల్ల ఒక గొప్ప నటి ఆఖరి కృషి మన కళ్లముందే మరుగున పడిందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఆమె స్థాయి ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. అనీ పారిస్ కన్సర్వేటరీలో చదువుకుని, 1950లలో కొమెదీ ఫ్రాన్సేజ్ నాటకశాలలో నటించింది. ఇటలీ దర్శకుడు విస్కోంతి తీసిన 'రొక్కో, అతని సోదరులు' (1960) ఆమెకు ఐరోపా అంతటా పేరు తెచ్చింది. 1977లో 'డాక్టర్ ఫ్రాన్స్వాజ్ గాయాన్' చిత్రానికి ఉత్తమ నటిగా ఫ్రెంచి సినిమా పురస్కారం సెజార్ అందుకుంది. అందులో ఆమెది తనకే క్యాన్సర్ ఉందని తెలుసుకున్న వైద్యురాలి పాత్ర. తర్వాత అవకాశాలు సన్నగిల్లాయి. 1996లో 'లే మిజెరాబ్ల్'కు సహాయ నటిగా మళ్లీ సెజార్ వచ్చినప్పుడు, ఇన్నాళ్లూ సినిమాకు దూరమైన బాధను వేదిక మీదే కన్నీళ్లతో చెప్పుకుంది. ఆ కన్నీళ్లకూ జబ్బుకూ ముడిపెట్టడానికి ఆధారమేమీ లేదు. అది పని దొరకని నటి దుఃఖం. ఫ్రెంచి చిత్రసీమ తనవైపు తాను వేలు చూపించుకోవలసిన సందర్భం కూడా.

చివరి దశలో ఆమె ఎలా పనిచేసిందో తెలియాలంటే 'మదామ్ మార్గరీత్' నాటకం దగ్గర కాసేపు ఆగాలి. బ్రెజిల్ రచయిత రొబెర్తో అతాయిజ్ రాసిన ఈ ఏకపాత్ర నాటకాన్ని ఆమె 1974లో మొదటిసారి ఆడింది. ఒక బడిపంతులమ్మ ప్రేక్షకులనే పిల్లలనుకుని పాఠం చెబుతూ, కసురుతూ, బుజ్జగిస్తూ పోతుంది. మాట తప్పితే అందుకోవడానికి పక్కన మరో నటుడు ఉండడు. ఆ పాత్రను ఆమె ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఆడింది.

అల్జీమర్స్‌లో సాధారణంగా మొదట దెబ్బతినేది మెదడులోని హిప్పోకాంపస్, దాని పరిసరాలు. అందుకే నిన్నటి విషయం, ఈ ఉదయం చదివిన కొత్త సంభాషణ ముందుగా జారిపోతాయి. పాత జ్ఞాపకాలు, మదామ్ మార్గరీత్ పాత్రలా ఏళ్ల సాధనతో ఒంటికి పట్టిన నైపుణ్యాలు ఇంకొంత కాలం నిలుస్తాయి. చివరి సంవత్సరాల్లో జిరార్దో చెవిలో చిన్న పరికరం పెట్టుకుని సంభాషణలు అందుకునేది. నాటకాల్లో తెర చాటు నుంచి ప్రాంప్టింగ్ అందించడం పాత అలవాటే. కానీ చెవిలో పడిన మాటను ఎక్కడ విరవాలో, ఎప్పుడు చూపు తిప్పాలో ఏ పరికరమూ చెప్పలేదు. అది పూర్తిగా ఆమె సొంతం.

దర్శకుడు మైకేల్ హానెకె తీసిన 'కాషె' (2005)లో ఆమె నటించింది ఒకే ఒక్క ముఖ్య సన్నివేశంలో. ముసలితల్లి మంచం మీద ఉంది. చూడటానికి వచ్చిన కొడుకు జార్జ్ (దానియెల్ ఓతెయ్) చిన్నప్పుడు తమ ఇంట్లో ఉన్న అల్జీరియా పిల్లవాడు మజీద్ ప్రస్తావన తెస్తాడు. 1961 అక్టోబరు 17న అల్జీరియన్ల ప్రదర్శనపై పారిస్ పోలీసులు సాగించిన హింసాకాండ తర్వాత ఆ పిల్లవాడి తల్లిదండ్రులు తిరిగిరాలేదు. అతణ్ని దత్తత తీసుకోవాలనుకున్నది ఈ తల్లీ, ఆమె భర్తా. కొడుకు ఆ పేరెత్తగానే తల్లి మొదట ఎవరని అడుగుతుంది. గుర్తుకొచ్చాక ఆ సంగతి తవ్వుకోవడం ఇష్టంలేనట్టు పక్కన పెట్టేస్తుంది. కానీ కొడుకు మనసులో ఏదో మెదులుతోందని పసిగడుతుంది. పాత్ర పరంగా ఇది మతిమరపు కాదు, గుర్తున్నదాన్ని తలుచుకోనని మొండికేయడం. మరపుకూ నిరాకరణకూ మధ్య సన్నని గీతను కళ్లతో చూపిన నటి ఈమె. జబ్బు అప్పటికే మొదలైందనుకున్నా, ఈ సన్నివేశాన్ని ఆమె అనారోగ్యానికి సాక్ష్యంగా చూడటం స్క్రిప్టునూ నటినీ రెంటినీ చిన్నబుచ్చడమే. అదే దర్శకుడి 'లా పియానిస్త్' (2001)లో కూతురికి ఊపిరి ఆడనివ్వని తల్లిగా చేసిన పాత్రకు ఆమె మరో సెజార్ గెలుచుకుంది. అందులోని ఉక్రోషమూ అంతే లెక్కగా కొలిచి చేసినది.

2008లో నికొలా బోలియే జబ్బుతో ఆమె గడుపుతున్న జీవితంపై తీసిన డాక్యుమెంటరీని ఫ్రెంచి టెలివిజన్ ప్రసారం చేసింది. అదే ఏడాది ఫ్రాన్సు ప్రభుత్వం 160 కోట్ల యూరోల అల్జీమర్స్ ప్రణాళిక ప్రకటించింది. ఆ వాతావరణంలో ఈ డాక్యుమెంటరీ చాలా కుటుంబాల మౌనాన్ని విప్పడానికి తోడ్పడిందంటే నమ్ముతాను. అయితే కెమెరా ముందు నిలబడటం జీవితమంతా వృత్తిగా బతికిన మనిషి ఇక్కడ ఏ పాత్రా లేకుండా కనిపించింది. ఇవాళ ఇచ్చిన అనుమతి రేపటికి గుర్తుండని స్థితిలో ఆ అనుమతికి అర్థమేమిటి? కుటుంబం ప్రేమతో ఒప్పుకున్నా, నటికి మామూలుగా ఉండే హక్కు, నచ్చని షాటును మళ్లీ తీయమనే హక్కు, ఇక్కడ లేదు. అందుకే ఆ డాక్యుమెంటరీని జిరార్దో నటజీవితానికి ముగింపుగా లెక్కించకూడదు. ఆమె చిత్రాల పట్టికను 'కాషె'తోనూ, జేన్ బిర్కిన్ తీసిన 'బాక్సెస్' (2007)లోని పాత్ర లాంటివాటితోనూ ముగించి, డాక్యుమెంటరీని వైద్యచరిత్ర కింద చేర్చాలని నా ప్రతిపాదన.