సైనికుల బదిలీలు, వేట లైసెన్సు (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి బదిలీ మీద వచ్చిన సైనికోద్యోగిని వేట లైసెన్సు విషయంలో స్థానికుడిగా లెక్కించాలా, బయటివాడిగా లెక్కించాలా అన్న ప్రశ్న చుట్టూ నూరేళ్లకు పైగా పెరుగుతూ వచ్చిన చట్టాలు, తీర్పులు, నియమాల చరిత్ర ఇది. అక్కడ వేట లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రం. ప్రతి రాష్ట్రానికీ తన సీజన్లు, తన రుసుములు, ఒక్కో జంతువును కొట్టడానికిచ్చే తన ట్యాగులు ఉంటాయి. స్థానికుడు కొద్ది డాలర్లతో లైసెన్సు తెచ్చుకుంటే, పక్క రాష్ట్రం వాడు అదే జింక కోసం దానికి ఎన్నో రెట్లు కట్టాలి. స్థానికుడు అనిపించుకోవాలంటే చాలాచోట్ల ఆరు నెలలో, ఏడాదో అక్కడ కాపురం ఉండి తీరాలి. సైనికుడికి ఆ తీరిక ఉండదు. రెండు మూడేళ్లకోసారి సామాను సర్దుకోవడం అతని ఉద్యోగంలో భాగం. ఏ రాష్ట్రానికి వెళ్లాలో నిర్ణయించేది అతను కాదు, ఆర్డరు కాగితం.

నిజాం కాలపు ముల్కీ నిబంధనలు తెలిసిన తెలుగువారికి ఈ చిక్కు అర్థం కావడం కష్టమేమీ కాదు. 1919 ఫర్మానా హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగానికి పదిహేనేళ్ల నివాసం అడిగింది. అక్కడ పంచుకోవలసింది ఉద్యోగాలు, ఇక్కడ పంచుకోవలసింది పెద్దజాతి జింకలైన ఎల్క్‌లూ జింకలూ. ఈ నేల మీద ఎన్నాళ్లుంటే ఈ నేల సొత్తులో వాటా వస్తుంది అన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అంటే నేరమనే తెలిసిన మన పాఠకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు ప్రధాన ఆదాయాల్లో ఒకటి ఈ లైసెన్సు సొమ్మే. ఎన్ని జంతువులను ఏ సీజన్‌లో కొట్టవచ్చో లెక్కకట్టి ట్యాగులిచ్చేదీ ఆ శాఖలే.

అడవి జంతువు ఎవరిది?

ఇంగ్లండులో వేట జంతువుల మీద హక్కు రాజుదీ, భూస్వాములదీ. వలస వెళ్లినవారు ఆ పద్ధతిని అమెరికాకు తీసుకుపోలేదు. అడవిలోని జంతువు ప్రజలందరిదీ, ప్రజల తరఫున రాష్ట్రం దానికి ధర్మకర్త అన్న భావం అక్కడ వేళ్లూనింది. న్యూజెర్సీ ముత్యపుచిప్పల తగాదాలో 1842లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్టిన్ వర్సెస్ వాడెల్ తీర్పును ఈ భావానికి పునాదిగా చెబుతారు. 1896లో గీర్ వర్సెస్ కనెక్టికట్ కేసులో కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. తమ గడ్డ మీది వేటపక్షులను రాష్ట్రం దాటి పోనివ్వకుండా ఆపే అధికారం రాష్ట్రానికి ఉందన్నది. రాష్ట్రమే యజమాని అన్న ఈ వాదాన్ని 1979లో హ్యూస్ వర్సెస్ ఓక్లహోమా తీర్పు కొట్టివేసింది. అప్పటికి ఎనభై ఏళ్లకు పైగా అది వేట చట్టాలను నడిపింది.

జంతువులు రాష్ట్ర ప్రజలవి అనుకున్నాక, బయటివారి దగ్గర ఎక్కువ వసూలు చేయాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది. 1895లో మిషిగన్ జింకవేటకు లైసెన్సు పెట్టినప్పుడు స్థానికుడికి 50 సెంట్లు, బయటివాడికి 25 డాలర్లు. అంటే యాభై రెట్లు. సంతలకోసం గుంపులుగా వచ్చి అడవులు ఊడ్చిపెట్టే వేటగాళ్లను ఆపడానికి అప్పట్లో అంతకన్నా సులువైన దారి కనిపించలేదు. 1900లో అయోవా ప్రతినిధి జాన్ లేసీ పేరిట వచ్చిన చట్టం, ఒక రాష్ట్రంలో దొంగతనంగా కొట్టిన జంతువును మరో రాష్ట్రానికి తరలించడాన్ని కేంద్ర నేరం చేసింది. ఈ గోడలన్నీ కట్టినవారి మనసులో బదిలీ మీద వచ్చే సైనికుడు లేడు.

కాపలాగా వచ్చిన సైన్యం

సైన్యానికీ వేటకూ అమెరికాలో ఉన్న బంధం కేవలం వినోదపు బంధం కాదు. 1886 ఆగస్టులో కెప్టెన్ మోసెస్ హారిస్ అశ్వికదళంతో ఎల్లోస్టోన్ పార్కులోకి అడుగుపెట్టాడు. అప్పటినుంచి 1918 దాకా ఆ పార్కును కాపాడింది సైన్యమే. కాపాడేవారి చేతిలో శిక్షించే చట్టం మాత్రం లేదు. 1894 మార్చిలో మిగిలిన కొద్ది బైసన్లను చంపుతూ ఎడ్గర్ హోవెల్ అనే వేటగాడు మంచులో పట్టుబడ్డాడు. పార్కు నుంచి వెళ్లగొట్టడం తప్ప అతణ్ని ఏమీ చేయలేకపోయారు. ఆ వార్త దేశమంతా పాకింది. రెండు నెలలు తిరగకుండానే, ఆ మే నెలలో, పార్కులో వేటను నేరంగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది. దాని వెనక ఉన్నదీ లేసీనే. అమెరికా వన్యప్రాణి చరిత్ర రాసేవారు ఈ సైనికుల ముప్పై రెండేళ్ల కాపలాకు ఇంకాస్త చోటివ్వాలి.

కంచె లోపల చట్టం

రెండో ప్రపంచయుద్ధం సైన్యం చేతికి లక్షల ఎకరాలిచ్చింది. ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరం ఒక్కటే దాదాపు 4,64,000 ఎకరాలు. ఫిరంగుల అభ్యాసానికి ఖాళీగా ఉంచిన అడవుల్లో ఇళ్లు లేవు, పొలాలు లేవు, జింకలు పెరిగాయి. ఇలాంటి స్థావరాలు చాలావాటి మీద రాజ్యాంగం కేంద్రానికే పూర్తి అధికారం ఇచ్చింది కాబట్టి, రాష్ట్రపు వేట చట్టం కంచె దగ్గరే ఆగిపోయేది. లోపల కమాండర్ మాటే నియమం. కంచె బయట రైతు లైసెన్సు కొని, సీజను కోసం కాచుకుని కూచుంటే, లోపల అదే మందలోని జింక వేరే లెక్కలో పడేది. జింకకు కంచె తెలియదు కదా.

ఈ అసమానతకు 1958 ఫిబ్రవరి 28న వచ్చిన చట్టం ముగింపు పలికింది. కాలిఫోర్నియా ప్రతినిధి క్లెయిర్ ఎంగిల్ పేరిట దాన్ని ఎంగిల్ చట్టం అంటారు. ఒక రక్షణ ప్రాజెక్టు కోసం 5,000 ఎకరాలకు మించి ప్రభుత్వ భూమి తీసుకోవాలంటే కాంగ్రెస్ అనుమతి తప్పదన్న నిబంధన వల్లే అది ఎక్కువమందికి తెలుసు. వేట మీద అందులో ఉన్న సెక్షన్‌ను పట్టించుకున్నవారు తక్కువ. ఈ వ్యాసానికి గుండెకాయ మాత్రం అదే. కేంద్ర చట్టాల సంపుటిలో పదో శీర్షిక కింద 2671వ సెక్షన్‌గా అది నేటికీ ఉంది.

ఆ సెక్షన్ ఒక చేత్తో అడిగి, ఇంకో చేత్తో ఇచ్చింది. సైనిక స్థావరాల్లో వేట, చేపలు పట్టడం, ఉచ్చులు వేయడం రాష్ట్ర చట్టాల ప్రకారమే జరగాలి, రాష్ట్ర లైసెన్సు ఉండాలి అని సైన్యాన్ని కట్టడి చేసింది. వెంటనే రాష్ట్రానికీ ఒక షరతు పెట్టింది. తమ గడ్డ మీది స్థావరంలో ముప్పై రోజులకు మించి క్రియాశీల విధుల్లో ఉన్న సైనికుడికి, నివాస కాలంతో పనిలేకుండా, స్థానికుడికిచ్చే షరతులకు తగ్గకుండా లైసెన్సు ఇచ్చే రాష్ట్రమే స్థావరంలో అతణ్ని లైసెన్సు అడగగలదు. అలా ఇవ్వని రాష్ట్రానికి ఆ హక్కు లేదు. రాష్ట్రాల గౌరవానికి భంగం రాకుండా, సైనికుడికి అన్యాయం జరగకుండా ఇంత పొందికగా రాసిన వాక్యాలు చట్టాల్లో అరుదుగా దొరుకుతాయి.

కచ్చితంగా చెప్పాలంటే ఈ నియమం స్థావరం లోపలి వేటకే. కంచె దాటాక రాష్ట్రం తన ఇష్టం వచ్చినట్టు ఉండవచ్చు. అయినా ఒకే మనిషిని స్థావరంలో స్థానికుడిగా, రోడ్డు దాటితే బయటివాడిగా చూడటం కన్నా అంతటా స్థానికుడిగా లెక్కించడమే సులువు. చాలా రాష్ట్రాల నిర్వచనాలు చేరింది అక్కడికే.

రెండేళ్ల తర్వాత, 1960 సెప్టెంబరులో, సైక్స్ చట్టం వచ్చింది. ఫ్లోరిడా ప్రతినిధి రాబర్ట్ సైక్స్ 1949లోనే ఎగ్లిన్ ఒక్కదాని కోసం వన్యప్రాణి కార్యక్రమాన్ని కాంగ్రెస్ చేత ఒప్పించాడు. ఆ నమూనానే 1960లో దేశంలోని స్థావరాలన్నిటికీ విస్తరించారు. స్థావరం సొంతంగా పర్మిట్ రుసుము వసూలు చేసుకోవచ్చు, ఆ డబ్బు ఆ స్థావరపు అడవి మీదే ఖర్చు కావాలి. 1997 సవరణతో ప్రతి ముఖ్య స్థావరానికీ సహజ వనరుల నిర్వహణ ప్రణాళిక తప్పనిసరైంది. అందువల్ల ఈనాడు స్థావరంలో వేటకు వెళ్లే సైనికుడి జేబులో రెండు కాగితాలుండాలి: రాష్ట్ర లైసెన్సు, స్థావరం పర్మిట్. ఆ రోజు కాల్పుల అభ్యాసం ఏ బ్లాకులో ఉందో చూసుకుని, మిగిలిన బ్లాకుల్లోకే పంపుతారు.

ఎల్క్ కేసు, ఆ తర్వాత

బయటివాళ్ల రుసుము న్యాయమేనా అన్న ప్రశ్న 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1976లో మోంటానాలో స్థానికుడు 9 డాలర్లకు ఎల్క్ లైసెన్సు కొనగలిగేవాడు. బయటివాడు ఎల్క్‌ను వేటాడాలంటే 225 డాలర్ల సంయుక్త లైసెన్సు కొనక తప్పదు. బాల్డ్విన్ కేసుగా పేరుపడ్డ ఈ వ్యాజ్యంలో కోర్టు ఆరుగురు–ముగ్గురుగా చీలి రాష్ట్రం పక్షమే నిలిచింది. ఎల్క్ వేట వినోదమే తప్ప, పౌరులందరికీ సమానంగా దక్కవలసిన మౌలిక హక్కు కాదన్నది.

2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దీనికి కాస్త ఎదురు నిలిచింది. కొన్ని ఎల్క్, జింక ట్యాగుల్లో బయటివారికి 10 శాతం మించి ఇవ్వని అరిజోనా నియమాన్ని అంతర్రాష్ట్ర వాణిజ్యం కోణంలో తప్పుబట్టింది. పశ్చిమ రాష్ట్రాలు కలవరపడ్డాయి. నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ తెచ్చిన బిల్లు ఆ తీర్పుకు కళ్లెం వేసింది. స్థానికులకూ బయటివారికీ తేడా చూపే అధికారం రాష్ట్రాలకు ఉందని అది తిరిగి చాటింది. ఆ బిల్లు 2005 మేలో చట్టమైంది, యుద్ధ ఖర్చులకోసం తెచ్చిన అనుబంధ కేటాయింపుల చట్టంలో ఒక భాగంగా. ఇరాక్, అఫ్ఘనిస్తాన్లలోని సైనికుల కోసం డబ్బు కేటాయించిన కాగితాల్లోనే రాష్ట్రాల గోడ మరింత గట్టిపడింది. 2671వ సెక్షన్ పదిలంగా ఉండటమే సైనికుడికి మిగిలిన అండ.

రాష్ట్రాల తీరు

ఎంతకాలం ఆగాలి అన్నదగ్గర రాష్ట్రాలు వేరువేరు దారులు పట్టాయి. టెక్సస్‌లో మామూలు మనిషికి ఆరు నెలల నివాసం కావాలి. క్రియాశీల సైనికుడికి ఆ గడువు లేదు. కొలరాడో కూడా శాశ్వత పోస్టింగ్ ఆర్డరు చూపితే వెంటనే స్థానికుడిగా తీసుకుంటుంది. మోంటానాలో ఇతరులకు 180 రోజులు, సైనికుడికి 30 రోజులు. వయోమింగ్‌లో ఇతరులకు ఏడాది, సైనికుడికి 90 రోజులు.

అలాస్కా కథ వేరు. ఏడాది నిండని సైనికుడికి స్థానిక ధరకే లైసెన్సు ఇస్తుంది కానీ అతణ్ని బయటివాడిగానే ఉంచుతుంది. పెద్ద జంతువులకు బయటివారి ట్యాగులే కొనాలి. గోధుమరంగు ఎలుగుబంటి, డాల్ కొండగొర్రె, కొండమేకల వేటకు లైసెన్సున్న గైడునో, అక్కడే స్థిరపడిన దగ్గరి బంధువునో వెంటబెట్టుకోవాలి. ఆ కొండల్లో దారి తప్పినవాణ్ని వెదకడం ఎంత కష్టమో తెలిస్తే ఈ పట్టుదలలో న్యాయం కనిపిస్తుంది.

సొంత రాష్ట్రంతో బంధం తెగకుండా చూసే నియమాలూ ఉన్నాయి. బయట పనిచేస్తూ 30 రోజుల లోపు సెలవు మీద ఇంటికి వచ్చిన ఫ్లోరిడా సైనికుడికి అక్కడ వేట లైసెన్సే అక్కర్లేదు, సెలవు కాగితం చాలు. టెనెసీలోనూ ఇలాంటి వెసులుబాటే ఉంది. అయితే రెండు రాష్ట్రాల్లో ఒకేసారి స్థానికుణ్నని చెప్పుకోవడం కొన్నిచోట్ల చిక్కు తెస్తుంది. 1989లో కొలరాడో, నెవాడా, ఒరెగాన్‌లతో మొదలై తర్వాత దేశమంతా అల్లుకున్న ఒప్పందం వల్ల ఇలాంటి తప్పుకు ఒకచోట రద్దైన లైసెన్సు మిగతా చోట్లా రద్దవుతుంది.

బదిలీతో పాటు వెంట వచ్చేవి కొన్నే. వలస నీటిపక్షుల వేటకు కావలసిన డక్ స్టాంపు కేంద్రానిది. 1934లో ఒక డాలరుతో మొదలై ఇప్పుడు 25 డాలర్లున్న ఆ స్టాంపు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. ఒక రాష్ట్రంలో పొందిన వేట శిక్షణ సర్టిఫికెట్టును మిగతావి ఒప్పుకుంటాయి. తుపాకుల కొనుగోలు విషయంలో 1968 చట్టం సైనికుడి శాశ్వత డ్యూటీ స్టేషన్ ఉన్న రాష్ట్రాన్నీ అతని రాష్ట్రంగా గుర్తిస్తుంది.

వెంట రానిది పాయింట్ల ఖాతా. పశ్చిమ రాష్ట్రాల్లో మంచి ఎల్క్, కొండగొర్రె ట్యాగులు లాటరీలో వస్తాయి. రాని ఏడాదల్లా ఒక పాయింటు చేరుతుంది, కొన్ని ట్యాగులకు ఏళ్ల తరబడి పోగుచేయాలి. రాష్ట్రం మారితే ఆ పాయింట్లు అక్కడే ఉండిపోతాయి. దరఖాస్తుల గడువు చాలావరకు చలికాలం చివరికో, వసంతానికో ముగుస్తుంది. సైనిక బదిలీలు ఎక్కువగా వేసవిలో జరుగుతాయి. ఇల్లు చేరేసరికి లాటరీ అయిపోతుంది. మిగిలిపోయిన ట్యాగులకోసం వెదుక్కోవడమో, మరో ఏడాది ఆగడమో తప్పదు. విదేశీ విధుల మీద వెళ్లినవారికి పాయింట్లు తిరిగి ఇచ్చే ఏర్పాటు కొలరాడో వంటి రాష్ట్రాల్లో ఉంది. మామూలు బదిలీకి అలాంటిది అరుదు.

రాష్ట్రాలకు ఇందులో లాభం లేకపోలేదు. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును రాష్ట్రాలకు పంచుతుంది. సగం భూవిస్తీర్ణాన్ని బట్టి, సగం డబ్బు కట్టి లైసెన్సు కొన్నవారి సంఖ్యను బట్టి. బదిలీ మీద వచ్చి లైసెన్సు కొన్న ప్రతి సైనికుడూ ఆ లెక్కలో చేరతాడు.

కుటుంబం మాటకొస్తే 2671వ సెక్షన్ మౌనంగా ఉంది. అది సైనికుడి గురించే మాట్లాడుతుంది. 2009లో వచ్చిన సైనికుల జీవిత భాగస్వాముల చట్టం పన్ను, ఓటు వంటి విషయాల్లో పాత రాష్ట్రపు నివాసాన్ని నిలుపుకోనిచ్చింది. వేట లైసెన్సు దాని పరిధిలోకి రాలేదు. టెక్సస్, కొలరాడో, మోంటానా వంటి రాష్ట్రాలు ఆధారపడిన కుటుంబ సభ్యులనూ తమ నిర్వచనాల్లోకి తెచ్చాయి. మాల్మ్‌స్ట్రామ్ వైమానిక స్థావరానికి బదిలీ అయి గ్రేట్ ఫాల్స్‌లో కాపురం పెట్టిన కుటుంబంలో భార్య ఆ శరత్కాలంలో స్థానిక ధరకు జింక లైసెన్సు తెచ్చుకోగలిగితే, అందుకు కారణం మోంటానా శాసనసభ రాసుకున్న నిర్వచనమే.