నిజాము సింహాసన శకటము

జహనుమా వీథులలో నిలిచి తలయెత్తినచో కొండమీద ఫలక్‌నుమా సౌధము కానవచ్చును. ఒకటి లోకమును చూపునది, మరియొకటి ఆకాశమును చూపునది. పేరులు పెట్టినవారు లోకమును క్రిందనే ఉంచిరి! ఆ సౌధముననే 1911 ఆగస్టు 29వ తేదీన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ నలువదియైదవ ఏట కన్నుమూసెను. అప్పటికే ఆయన ఇంగ్లండునుండి ఒక మోటారుకారును తెప్పింప తలపెట్టియుండెను. అది ఇల్లు చేరుసరికి గద్దెమీద కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ ఉండెను.

జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల మోటారుబండికి పేటెంటు కోరినది 1886లో. ఉస్మాన్ అలీ ఖాన్ పుట్టినదియు ఆ యేటనే. మోటారుకారును, ఈ ప్రభువును ఒక ఈడువారనవచ్చును.

ఇది రోల్స్‌రాయిస్ సంస్థ వారి సిల్వర్ ఘోస్ట్. పైభాగమును లండనులోని బార్కర్ సంస్థ పసుపువన్నెతో నిర్మించినది. వెనుక ఆసనము సింహాసనమువలె ఎత్తుగా నుండును. దానిపై గుమ్మటము వంటి కప్పు. మోటారు వచ్చినను అంబారీ పోలేదన్నమాట! వేగముగా పోవుటకు గాక, ప్రజలు ప్రభువును కన్నులార చూచుటకై చేసిన బండి యిది.

వింత యేమనగా, ఈ జాతి కారుకు పేరు తెచ్చినదే దూరప్రయాణము. 1907లో ఒక సిల్వర్ ఘోస్ట్ లండను, గ్లాస్గోల నడుమ మరల మరల తిరుగుచు, మరమ్మతు కొరకు ఆగక 14,371 మైళ్లు నడచెను. హైదరాబాదు కారు నడచినది 356 మైళ్లు మాత్రమేనని చెప్పుదురు. మనము విజయవాడకు పోయి వచ్చిన దాదాపు అంతదూర మగును. 1937లో 'టైమ్' పత్రిక లోకమున కెల్ల ధనవంతుడని ముఖచిత్రముగా వేసిన ఉస్మాన్ అలీ ఖాన్ స్వంత వాడుకలో మిక్కిలి పొదుపరి. అడిగినవాడు అనుభవింపలేదు, అందినవాడు ఆశపడలేదు. తండ్రి ముచ్చటను కుమారుడు మూలనుంచెనని మేము నిష్ఠురమాడము. ఊరేగింపులపై ఎవరి మనస్సు వారిది.

ఇప్పుడా కారు చౌమహల్లా ప్రాసాదమున చూపరులకై ఉన్నది. మేము పోయిననాడు ఒక బాలుడు అద్దములోనుండి ఎత్తయిన ఆసనమును చూచి, "ఇందులో ఎవరు కూర్చుండేవారు?" అని తండ్రి నడిగెను.

"నిజాము" అని ఆయన చెప్పెను.

ఏ నిజామో బాలుడు మరల అడుగలేదు.