కోటి రూపాయల మంత్రి

సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్‌కు కూతవేటు దూరంలో ఘాస్‌మండి ఉంది. గడ్డి మోపులు అమ్మిన కాలం పోయింది, పేరు మిగిలింది. బి.ఎస్. వెంకట్రావు ఆ వాడ బిడ్డ. అంటరానివాళ్ల ఇంట పుట్టి, నిజాం సర్కారులో విద్యామంత్రి దాకా ఎదిగిన మనిషి. ఇవాళ ఆ సందుల్లో ఆయన పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువే. అది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆయన కర్ర పట్టలేదు, కత్తి పట్టలేదు. సంఘాలు పెట్టాడు, సభలు జరిపాడు, అర్జీలు రాశాడు. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లలను జోగినులుగా మార్చే ఆచారం మీద తన వాళ్లతోనే పోట్లాడాడు. 1936 మే నెలాఖరున బొంబాయిలో మహర్ల మహాసభ జరిగింది. విముక్తికి దారేదని అడుగుతూ డాక్టర్ అంబేడ్కర్ తన చరిత్రాత్మక ప్రసంగం చేసింది ఆ సభలోనే. అధ్యక్ష పీఠం మీద కూర్చున్నది మన వెంకట్రావు. జనం ఆయన్ని 'హైదరాబాదీ అంబేడ్కర్' అని పిలుచుకునేవారు. ఒక తెలుగు దళితుడికి అంతకు మించిన గౌరవం ఏముంటుంది?

పతనం మొదలైంది కూడా ఆ ఎత్తు నుంచే.

1947 నవంబర్ 27న అంబేడ్కర్ ఒక ప్రకటన చేశారు. హైదరాబాద్ సంస్థానంలోని షెడ్యూల్డు కులాలవాళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ నిజాం పక్షం గానీ, నిజాంను సమర్థించే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీ పక్షం గానీ చేరవద్దన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మీర్ లాయక్ అలీ సంస్థానానికి ప్రధాని అయ్యాడు. ఆయన మంత్రివర్గంలో వెంకట్రావు చేరాడు. గురువు వద్దన్న గడప శిష్యుడు తొక్కాడు. జె.హెచ్. సుబ్బయ్య లాంటి సహచరులు అంబేడ్కర్ వైపే నిలిచారు. ఒక్క వాడలో పుట్టిన ఉద్యమం రెండుగా చీలింది.

ఎందుకు చేరాడు? పదవి మీద మోజు అనేయడం తేలిక. కానీ వెట్టి చేయించుకునే దేశ్‌ముఖులూ, బావి దగ్గరికి రానివ్వని పెద్దకులాలవాళ్లూ రేపు సంస్థానం భారతదేశంలో కలిస్తే మారిపోతారని ఆయన ఎలా నమ్మాలి? చేతికందిన అధికారంతో పిల్లల చదువు కోసం ఏదో ఒకటి రాబట్టాలనుకున్నాడు. రాబట్టాడు కూడా. అణగారిన కులాల చదువుకూ బాగుకూ నిజాం చేత కోటి రూపాయల నిధి కేటాయింపజేశాడు. ఆ రోజుల్లో కోటి! అయితే అదే ప్రభుత్వం అండతో ఇత్తెహాదుల్ సాయుధ దళమైన రజాకార్లు ఊళ్లమీద పడుతుంటే ఆ కుర్చీలో కూర్చోవడాన్ని నేను సమర్థించలేను. కోటి గురించి తలుచుకుంటే ఆయన్ని తీసిపారెయ్యనూ లేను.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ మీదికి కదిలింది. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. మంత్రులు నిర్బంధం పాలయ్యారు. వెంకట్రావుకూ అదే గతి. నిన్నటిదాకా చెయ్యెత్తి జై కొట్టిన పేరు మీద 'నిజాం మనిషి' అన్న ముద్ర పడింది, అది చెరగలేదు. సరిహద్దుకు అవతల జోగేంద్రనాథ్ మండల్ కథ కూడా ఇలాగే నడిచింది. పాకిస్తాన్‌ను నమ్మి మంత్రి అయిన ఆ దళిత నాయకుడు 1950లో రాజీనామా ఇచ్చి కలకత్తా చేరుకున్నాడు. ఆయన్నీ ఎవరూ మనవాడు అనలేదు.

మంత్రివర్గం పోయినా నిధి పోలేదు. ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టాలనుకున్న అంబేడ్కర్ అందులోంచే అప్పు తీసుకున్నారు. అది మిలింద్ మహావిద్యాలయం. 1951 సెప్టెంబర్ 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి దానికి శంకుస్థాపన చేశారు. మరాఠ్వాడా పల్లెల నుంచి చెప్పులు కూడా లేని పిల్లలు అక్కడికి చదువుకోవడానికి వచ్చారు.

ఆ తర్వాత రెండేళ్లకు, 1953లో, వెంకట్రావు కన్నుమూశాడు.