ప్రశ్న మార్చుకున్న బేతాళుడు

కొడవటిగంటి కుటుంబరావు గురించి రాసేవాళ్లు ‘చదువు’ నవల దగ్గర ఆగి, బేతాళుణ్ణి పిల్లల సరుకని పక్కన పెడతారు. ఈ చిన్నచూపు నాకు మింగుడుపడదు.

11వ శతాబ్దపు కథాసరిత్సాగరంలో బేతాళుడి కథలు 25. అందులో వీరవరుడనే సేవకుడు ప్రభువు కోసం కన్నకొడుకునే బలి ఇచ్చి తానూ తల నరుక్కుంటాడు. అది చూసి రాజూ చావబోతాడు. వీళ్లలో గొప్పవాడెవరంటే, శవాన్ని మోసే రాజు తోటి రాజునే ఎంచుతాడు. ప్రభువు కోసం చావడం సేవకుడికి విధేనట! భూస్వామ్య నీతికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? చివరి ప్రశ్నకు రాజు మౌనం వహించడంతో ఆ మోత ముగుస్తుంది.

1952లో చందమామలో చేరి, 1980లో చనిపోయేదాకా అక్కడే పనిచేసిన కుటుంబరావు హయాంలో ఆ ముగింపు పోయింది. శవం నెలనెలా మళ్లీ చెట్టెక్కింది. పాతవి చాలక కొత్త కథలు వందల్లో పుట్టాయి. శంకర్ బొమ్మలో శ్మశానం, కత్తి, భుజాన శవం అలాగే ఉన్నాయి, ప్రశ్న మారింది. బేతాళుడు ముందు రాజు పట్టుదలనే శంకించి, ఆ పైన కథ చెబుతాడు. జవాబును పాత్రల ప్రవర్తనలోంచి తర్కించి తీయాలి. రామచంద్రపురంలో మేం చివరి పేరా చేత్తో మూసి, జవాబు కోసం కొట్లాడుకునేవాళ్లం. రాజు చెప్పింది ఒప్పుకోని నెలలు కూడా ఉండేవి.